రాత్రి మంచు బిగిసిందా?

మే నెల చివరి వారం, రాత్రి 2 గంటలు. ఉత్తర కాలిఫోర్నియాలోని మౌంట్ షాస్టా మీద, 3,183 మీటర్ల ఎత్తున, హెలెన్ లేక్ అనే చదునైన చోటు ఉంది. పేరుకే సరస్సు. ఏడాదిలో చాలా భాగం మంచు కిందే దాక్కుని ఉంటుంది. ఆ మంచు మీద వేసుకున్న డేరాల్లో ఒక్కొక్కటిగా దీపాలు వెలుగుతాయి. చిన్న స్టవ్ మీద మంచు కరిగించి, కాచుకుని, ఏదో ఇంత తాగి, తలకు దీపం తగిలించుకుని బయటికి వచ్చిన మనిషి ముందుగా చేసే పని ఒకటుంది. బూటు మడమతో మంచును ఒక్క తన్ను తంతాడు. బండను తన్నినట్టు టక్కుమంటే ముఖం విప్పారుతుంది. మడమ మెత్తగా దిగబడిందా, ఆలోచనలో పడతాడు. శిఖరానికి బయల్దేరడమా, మళ్ళీ స్లీపింగ్ బ్యాగులో దూరడమా అన్నది చాలాసార్లు ఆ తన్నుతోనే సగం తేలిపోతుంది.

మంచుకొండ ఎక్కడమంటే చలితో పోరాటమని మనం అనుకుంటాం. వసంతం చివర్లో షాస్టా ఎక్కేవాళ్ళు చలి కోసం ఎదురుచూస్తారు. కొండ మీద ఇంకా నిండుగా మంచు ఉంటుంది, చలికాలపు తుఫానులు దాటిపోయి ఉంటాయి, పగళ్ళు పొడవుగా ఉంటాయి. అంతా బాగానే ఉంది కాని, పగలల్లా ఎండకు నానిన ఆ మంచు రాత్రి మళ్ళీ గడ్డకట్టిందా లేదా అన్నదాన్ని బట్టే మర్నాటి ప్రయాణం నడుస్తుంది.

ఇక్కడ మన భాషతో ఒక చిక్కుంది. తెల్లవారి గడ్డిపరక మీద మెరిసేదీ మంచే, హైవే మీద లారీ లైట్లను మింగేసేదీ మంచే, హిమాలయాల మీద కురిసేదీ మంచే, శవపేటిక చుట్టూ పేర్చే గడ్డా మంచే. ఎండాకాలపు వడగళ్ళు తప్ప ఆకాశం నుంచి గడ్డకట్టినదేదీ పడని నేలలో వేరువేరు పేర్ల అవసరం రాలేదు. షాస్టా మీద మాత్రం ఒకే వాలు ఒకే ఉదయం నాలుగు రకాల మంచుగా మారుతుంది. వాటికి పేర్లు కావాలంటే వంటింట్లోకి వెళ్ళి అరువు తెచ్చుకోవలసిందే.

షాస్టా 4,322 మీటర్ల అగ్నిపర్వతం. చివరిసారి నిప్పులు కక్కింది సుమారు 3,200 ఏళ్ళ కిందట. చుట్టుపక్కల దానికి సాటివచ్చే కొండ లేకపోవడంతో ఒంటరిగా నిలబడి, వంద కిలోమీటర్లకు పైగా దూరం నుంచే కనిపిస్తుంది. శాన్ ఫ్రాన్సిస్కో ప్రాంతంలో స్థిరపడి, కారులో ఓరెగాన్ వైపు ప్రయాణించిన తెలుగు కుటుంబాలకు ఈ తెల్ల కొండ బాగా తెలుసు. గంటల తరబడి కారు అద్దంలోంచి పక్కకు తప్పుకోదు. పసిఫిక్ నుంచి తేమ మోసుకొచ్చే తుఫానులకు ఎదురుపడే మొదటి పెద్ద గోడల్లో ఇదొకటి. 1959 ఫిబ్రవరి 13 నుంచి 19 దాకా సాగిన ఒకే ఒక్క తుఫాను ఇక్కడి స్కీ బౌల్ దగ్గర 189 అంగుళాల మంచు కురిపించింది. అంటే 4.8 మీటర్లు, డాబా ఇల్లు పిట్టగోడతో సహా మునిగిపోయేంత. 1978లో మంచుచరియ ఒకటి అదే స్కీ కేంద్రపు లిఫ్టును కూల్చేసింది. ఆ తర్వాత అది మళ్ళీ తెరుచుకోలేదు.

కురిసినప్పటి మంచు, మే నెలలో కాలి కింద ఉండే మంచు ఒకటి కావు. కొత్తగా పడిన మంచును ఘనపు మీటరు తూచితే 100 కిలోలకు అటూ ఇటూ ఉంటుంది. మిగిలినదంతా గాలే. ఆరు రేకుల స్ఫటికాలు ఒకదాని మీద ఒకటి ఆనుకుని ఉంటాయి, అంతే. నెలలు గడిచేసరికి రేకులు విరిగి, బరువుకు అణగి, కరిగి, మళ్ళీ గడ్డకట్టి, అదే ఘనపు మీటరు 500 కిలోల దాకా తూగుతుంది. ఇందులో పెద్ద పాత్ర నీటిది. తడి మంచులో గింజలు ఎలా పెరుగుతాయో అమెరికా సైన్యపు శీతల ప్రాంతాల పరిశోధనాలయంలో శామ్యూల్ కోల్‌బెక్ 1970ల నుంచి వివరంగా అధ్యయనం చేశాడు. చిన్న గింజ ఒంపు ఎక్కువ కాబట్టి దాని ఉపరితలం మీది అణువులకు పట్టు తక్కువ. పెద్ద గింజ కన్నా రవ్వంత తక్కువ ఉష్ణోగ్రతకే కరుగుతుంది. కరిగిన నీరు పక్కనున్న పెద్ద గింజ మీద గడ్డకడుతుంది. ఇలా చిన్నవాటిని తింటూ పెద్దవి పెరుగుతాయి. రేకుల స్ఫటికాలన్నీ పోయి చివరికి ఒకటి రెండు మిల్లీమీటర్ల గుండ్రటి గింజలు మిగులుతాయి. స్కీ చేసేవాళ్ళు దీన్ని మొక్కజొన్న గింజలతో పోల్చి ‘కార్న్’ అంటారు. దోసిట్లోకి తీసుకుని చూస్తే మనకు గుర్తొచ్చేది కల్లుప్పు.

చలికాలంలో మంచు పొరల్లో ఒక్కో లోతున ఒక్కో ఉష్ణోగ్రత ఉంటుంది. మే వచ్చేసరికి మీటర్ల మందాన పేరుకున్న మంచంతా పైనుంచి కింద దాకా సరిగ్గా సున్నా డిగ్రీలకు చేరుతుంది. ఇంకొంచెం వేడి తగిలితే నీరు, కొంచెం వేడి పోతే గడ్డ. తక్కెడ ముల్లు మధ్యలో నిలబడినట్టుంటుంది. గింజల మధ్య నీరు కొద్దిగా ఉన్నంతసేపు అది గింజల్ని పట్టి ఉంచుతుంది. సముద్రపు ఒడ్డున పిచ్చుకగూళ్ళు కట్టిన ఎవరికైనా ఈ సంగతి తెలుసు. పొడి ఇసుక నిలవదు, తడి ఇసుక నిలుస్తుంది, నీళ్ళు మరీ ఎక్కువైతే గూడు జారి కూలిపోతుంది. మంచు వాలు కూడా అంతే. కాకపోతే గూడు ఇక్కడ కొండంత, దాని మీద మనిషి నిలబడి ఉంటాడు.

ఇప్పుడు రాత్రి సంగతి. సున్నా డిగ్రీల దగ్గర ఉన్న తడి మంచు గడ్డకట్టాలంటే చుట్టూ ఉన్న గాలి సున్నా కన్నా చల్లగా ఉండాలి కదా అనిపిస్తుంది. అక్కర్లేదు. గాలి 3, 4 డిగ్రీల మీద ఉన్నా, ఆకాశం నిర్మలంగా ఉంటే మంచు పైభాగం బిగుసుకుపోతుంది. కారణం మంచుకున్న ఒక రెండు ముఖాల స్వభావం. కంటికి కనిపించే వెలుగులో అది తెల్లటి తెలుపు. పడిన వెలుగులో చాలా భాగాన్ని తిప్పికొడుతుంది. కంటికి కనిపించని పరారుణ కాంతిలో మాత్రం దాదాపు నల్లటి నలుపు. అంటే తనలోని వేడిని పరారుణ కిరణాలుగా బయటికి వెళ్ళగక్కడంలో మసి పూసిన పెనానికి ఏమీ తీసిపోదు. రాత్రంతా ఆ వేడి ఆకాశంలోకి పోతూనే ఉంటుంది. కొండ మీద గాలి పలుచన, తేమ తక్కువ. పోయిన వేడిని వెనక్కి పంపేది పెద్దగా ఏమీ ఉండదు. మేఘం పట్టిందా, కథ మారిపోతుంది. మేఘం తానూ పరారుణ కిరణాలు వెదజల్లుతుంది, దుప్పటి కప్పినట్టు. గాలి రెండు రాత్రుళ్ళూ ఒకే చల్లదనంలో ఉన్నా, చుక్కలున్న రాత్రి తెల్లారేసరికి మంచు బండ, మబ్బు రాత్రి తెల్లారేసరికి జావ.

ఈ కిటుకు మన దేశంలో ఫ్రిజ్‌లు రాకముందే వ్యాపారంగా నడిచింది. అలహాబాదు ప్రాంతంలో సహజంగా మంచుగడ్డ దొరకని చోట గడ్డ తయారు చేసే పద్ధతిని సర్ రాబర్ట్ బార్కర్ 1775లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో వర్ణించాడు. బయలు ప్రదేశంలో లోతు తక్కువ గుంతలు తవ్వి, అడుగున చెరకు పిప్పీ, ఎండు దంట్లూ పరిచి, వాటి మీద లోతులేని మట్టి మూకుళ్ళలో కాచి చల్లార్చిన నీళ్ళు పోసి, పొద్దుగూకగానే ఆకాశానికి అప్పగించేవారు. నిర్మలమైన శీతాకాలపు రాత్రయితే సూర్యోదయానికి ముందే వచ్చి గడ్డలు ఏరుకునేవారు. అడుగున పరిచిన దంట్లు నేల వేడిని ఆపేవి, పైనున్న ఆకాశం నీటి వేడిని లాగేసేది. ఆకాశమే చల్లబరుస్తోందన్న వివరణ 1814లో విలియం చార్లెస్ వెల్స్ మంచుబిందువుల మీద రాసిన గ్రంథంతో గట్టిపడింది. ఆ మూకుళ్ళు నింపిన కూలీలకు మాత్రం ఏ రాత్రి పని దండగో అంతకు ముందు నుంచే తెలుసు. విశాఖ మన్యంలోని లంబసింగిలో చలికాలపు ఉదయాలు సున్నాకు దగ్గరగా వెళ్ళేది కూడా నిర్మలమైన రాత్రుల్లోనే. మబ్బు కమ్మిన రోజున అక్కడికి చలి చూడ్డానికి కారేసుకుని వెళ్ళినవాళ్ళు నిరాశతో టీ తాగి వెనక్కి వస్తారు.

రాత్రి ఎంత పని చేస్తుందో కాగితం మీద లెక్క కట్టవచ్చు. నిర్మలమైన రాత్రి చదరపు మీటరు మంచు నుంచి నికరంగా పోయే వేడి 80 వాట్లు అనుకుందాం. పాతకాలపు బల్బు ఒకటి మండినంత. ఎనిమిది గంటలకు అది 23 లక్షల జౌళ్ళు. కిలో నీరు గడ్డకట్టడానికి 3.34 లక్షల జౌళ్ళు వదిలించుకోవాలి. అంటే ఆ రాత్రి చదరపు మీటరుకు ఏడు కిలోల నీరు గడ్డకడుతుంది. మంచు బరువులో పదో వంతు నీరుంటే, ఆ ఏడు కిలోలు పై 14 సెంటీమీటర్ల మందాన్ని బిగించేస్తాయి. మనిషి బరువుకు ఇది చాలు. నడిరాత్రి దాకా మబ్బు పట్టి, తర్వాత నాలుగు గంటలు మాత్రమే తెరిపిచ్చిందనుకోండి, పొర ఏడు సెంటీమీటర్లు. నడిచేవాడి బరువంతా ఒక కాలి మీద పడినప్పుడు అది అప్పడంలా విరిగి, తొడ దాకా దిగబడే ప్రమాదం ఉంది. అలా ఒక్కో అడుగుకూ కాలు పెరుక్కుంటూ శిఖరం దాకా ఎక్కడం ఎవరి తరమూ కాదు.

అందుకే ఈ కొండతో పరిచయం ఉన్నవాళ్ళు వాతావరణ సూచనలో ఉష్ణోగ్రత కన్నా ముందు రాత్రిపూట మేఘాల శాతం వెతుకుతారు. ఆ తర్వాత గాలి వేగం చూస్తారు. ఎంత మంచు మిగిలి ఉంది అన్న ప్రశ్న, కొత్తవాళ్ళు మొదట అడిగేది, వాళ్ళ జాబితాలో చివరన ఉంటుంది.

ఎక్కువమంది వెళ్ళే దారి పేరే అవలాంచ్ గల్చ్, మంచుచరియల లోయ. పేరు పెట్టినవాళ్ళు దాపరికం ఉంచలేదు. 2,118 మీటర్ల దగ్గర బన్నీ ఫ్లాట్‌లో కారు ఆపి, చెట్ల మధ్యగా హార్స్ క్యాంప్ రాతి గది దాటి, హెలెన్ లేక్ దగ్గర రాత్రి ఆగుతారు. అక్కడి నుంచి రెడ్ బ్యాంక్స్ అనే ఎర్రరాతి గోడ దాకా సుమారు 760 మీటర్ల ఎత్తు, వాలు 35 డిగ్రీల దాకా పోతుంది. ఇనుప ముళ్ళున్న క్రాంపాన్లు బూట్లకు బిగించి, చేత ఐస్ యాక్స్ పట్టి చీకట్లోనే ఈ భాగం దాటేస్తారు. తెల్లారగట్ల దాటడానికి మంచు గట్టిదనం ఒక్కటే కారణం కాదు. రెడ్ బ్యాంక్స్ వదులుగా అతుక్కున్న అగ్నిపర్వతపు రాయి. దాని పగుళ్ళలోని నీరు రాత్రి గడ్డకట్టి రాళ్ళను జిగురులా పట్టి ఉంచుతుంది. ఎండ తగలగానే ఆ జిగురు కరుగుతుంది. రాళ్ళు ఒక్కొక్కటే ఊడి, కింద ఎక్కుతున్నవాళ్ళ మధ్యగా దొర్లుకుంటూ పోతాయి. జూలై, ఆగస్టులకు మంచు కరిగి రాళ్ళు బయటపడ్డాక ఈ బెడద ఇంకా పెరుగుతుంది. మే, జూన్ నెలల్లో మంచే ఆ రాళ్ళ మీద మూత.

రెడ్ బ్యాంక్స్ పైన మిజరీ హిల్ వస్తుంది. శిఖరం అదేనని ఆశపడి ఎక్కినవాళ్ళు ఆ పేరు పెట్టి ఉంటారని చూడగానే అర్థమవుతుంది. అది ఎక్కాక చదునైన మైదానం, ఆ చివర అసలు శిఖరం. దాని కిందే గంధకపు వాసనతో ఆవిర్లు చిమ్మే వేడి బురద గుంట. 1875 ఏప్రిల్ 30న ప్రకృతి రచయిత జాన్ మ్యూర్, తోడు వచ్చిన జెరోమ్ ఫేతో కలిసి వాయుపీడనం కొలవడానికి పైకి వచ్చి, మంచు తుఫానులో చిక్కి, రాత్రంతా ఆ బురదలో పడుకుని బతికాడు. కింద ఒళ్ళు కాలుతోంది, పైన ఒళ్ళు గడ్డకడుతోంది. ఏప్రిల్ చివర్లో మధ్యాహ్నం దాకా కొలతలు తీసుకుంటూ శిఖరం మీద ఉండిపోవడం ఎంత ప్రమాదమో ఆయన తర్వాత స్వయంగా రాశాడు.

మంచు గట్టిగా ఉంటే మంచిదని ఇంతసేపూ చెప్పుకున్నాం. మరీ గట్టిగా ఉంటే? 2022 జూన్ 6న ఇదే లోయలో ఒకే రోజు వేరువేరు చోట్ల మనుషులు జారిపోయారు. ఒక గైడ్ ప్రాణం పోయింది, మరికొందరిని హెలికాప్టర్లలో ఆస్పత్రికి చేర్చారు. వాలంతా గాజులా బిగిసి ఉంది. నీరు ఎక్కువ పట్టి, గింజల మధ్య ఖాళీలన్నీ నిండి గడ్డకట్టిన మంచు మంచులా ప్రవర్తించదు. క్రాంపాన్ ముళ్ళు ఒకటి రెండు సెంటీమీటర్లకు మించి దిగవు, జారినవాడికి యాక్స్ మొన పట్టు దొరకదు. 35 డిగ్రీల వాలు మీద నునుపైన దుస్తులతో జారే మనిషి వేగం లెక్కవేస్తే ఒళ్ళు జలదరిస్తుంది. రెండు సెకన్లలో గంటకు సుమారు 35 కిలోమీటర్లు, నాలుగు సెకన్లలో 70. జారిన మొదటి క్షణంలోనే బోర్లా తిరిగి యాక్స్‌ను రొమ్ము కింద గుచ్చాలని శిక్షణలో పదేపదే చేయించేది అందుకే. తాడును వాలులో ఎక్కడా బిగించకుండా ముగ్గురు దానికే కట్టుకుని నడిస్తే, ఒకరు జారినప్పుడు మిగతా ఇద్దరూ కూడా వెంట పోయే అవకాశమే ఎక్కువ.

ఇక దిగడం. ఇక్కడే ఎక్కేవాడికీ స్కీ చేసేవాడికీ పేచీ మొదలవుతుంది. అదే మనిషి రెండూ అయినప్పుడు పేచీ తనతో తనకే. ఎక్కడానికి బండలాంటి మంచు కావాలి. దాని మీద స్కీలతో దిగితే పళ్ళు కదిలిపోతాయి, అంచులు పట్టవు. స్కీకి కావలసింది వేరు. కింద గట్టి పునాది అలాగే ఉండాలి, పైన ఒకటి రెండు అంగుళాల కల్లుప్పు విడివడాలి. గింజల మధ్య బంధాలు కరిగి ఒక్కో గింజా స్వేచ్ఛగా దొర్లుతుంది, సన్నటి నీటి పొర నూనెలా పనిచేస్తుంది. ఆ అరగంట, గంటసేపు వాలు పట్టులా ఉంటుందని అంటారు. అనుభవించినవాళ్ళు ఏడాదంతా దాని గురించే మాట్లాడతారు. కొంచెం అతి చేస్తారనుకోండి, కాని పూర్తిగా కాదు.

ఆ గంట ఎప్పుడు వస్తుంది? రాత్రి పోగొట్టుకున్న 23 లక్షల జౌళ్ళను ఎండ తిరిగి ఎప్పుడు చెల్లిస్తుందన్నదే లెక్క. కొత్త మంచు ఎండలో పదో వంతో, ఐదో వంతో మాత్రమే పీల్చుకుంటుంది. ముదిరి మట్టి పట్టిన మే నెల మంచు దాదాపు 40 శాతం దాకా పీల్చుకుంటుంది. మిట్టమధ్యాహ్నపు ఎండ చదరపు మీటరుకు 1,000 వాట్లయితే, లోపలికి వెళ్ళేది 400. రాత్రి ఎనిమిది గంటలు కట్టిన పొరను ఆ ఎండ రెండు గంటల్లోపే విప్పేస్తుంది. ఉదయపు ఏటవాలు ఎండకు మూడు నాలుగు గంటలు పడుతుంది. తూర్పు ముఖం ముందు మెత్తబడుతుంది, తర్వాత దక్షిణం, పడమర ఆఖరున. అవలాంచ్ గల్చ్ దక్షిణ, నైరుతి దిక్కులకు తెరుచుకుని ఉండటం వల్ల ఎక్కేవాళ్ళకు ఉదయం నీడ దొరుకుతుంది. స్కీ కోసమే వచ్చేవాళ్ళు కొండ చుట్టూ తిరిగి తూర్పు వైపు హాట్లమ్–వింటన్ దారి, ఆగ్నేయాన క్లియర్ క్రీక్ దారి వెతుక్కునేది అందుకే. అక్కడ పట్టు ముందే తయారవుతుంది, ముందే చెడిపోతుంది కూడా.

ఈ లెక్కను తలకిందులు చేయగలిగింది గాలి. వేసవిలో కొత్తకుండలో నీళ్ళు చల్లబడినట్టే, పొడి గాలి వీస్తే మంచు మీది తడి ఆవిరవుతూ వేడిని పట్టుకుపోతుంది. ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి పట్టే వేడితో ఏడు గ్రాములకు పైగా గడ్డ కరుగుతుంది. అంటే కొద్దిపాటి ఆవిరి చాలా కరుగును ఆపేస్తుంది. గాలి హోరెత్తిన రోజుల్లో ఎండ ఎంత కాసినా వాలు మధ్యాహ్నం దాకా బండలానే ఉంటుంది. శిఖరం మీద స్కీలు తగిలించుకుని, రాయి చాటున వణుకుతూ, మెత్తబడే గంట కోసం కాచుకుని, అది రాకుండానే చివరికి పళ్ళు కొరుక్కుంటూ దిగినవాళ్ళు చాలామంది.

గాలి లేని రోజు దిగడం ఆలస్యం చేస్తే ఎదురయ్యేది ఇంకోటి. పట్టు జావ అవుతుంది. ముందు వాలు మీద చిన్న చిన్న ఉండలు వాటంతటవే దొర్లడం మొదలుపెడతాయి, లడ్డూలు చుట్టుకుంటున్నట్టు చుట్టుకుంటూ. బూటు చీలమండ దాటి దిగబడుతుంది. గింజల మధ్య ఖాళీలు నీటితో నిండి, పిచ్చుకగూడు కూలే దశ దగ్గరపడింది. ఒకచోట కదిలిన తడి మంచు కిందికి పోతూ విసనకర్రలా వెడల్పవుతుంది. వేగం తక్కువే, కాని బరువు కాంక్రీటు కలిపినట్టు. దానిలో చిక్కిన స్కీని బయటికి లాగడం మనిషి వల్ల కాదు. రాత్రి మబ్బు పట్టి అసలు గడ్డకట్టని రోజున ఈ దశ ఉదయం తొమ్మిదికే వచ్చేయవచ్చు. మధ్యాహ్నం 12 కల్లా, శిఖరం చేరినా చేరకపోయినా, వెనక్కి తిరగాలన్న మాట ఈ కొండ గురించిన చాలా మార్గదర్శకాల్లో వినిపిస్తుంది.

స్కీలు లేనివాళ్ళు కూర్చుని జారుతారు, జారుడుబల్ల మీద పిల్లల్లా. హెలెన్ లేక్ పైన వాలంతా వాళ్ళ కాలువలతో చారలు కట్టి ఉంటుంది. ఎక్కడానికి ఐదు గంటలు పట్టిన దూరం అరగంటలో దిగిపోతుంది. ఒకటే నియమం, క్రాంపాన్లు విప్పాలి. ముల్లు ఒక్కసారి మంచులో తగులుకుంటే ఒళ్ళు ముందుకు పోతుంది, కాలు వెనకే ఉండిపోతుంది, విరిగేది చీలమండ.

జూన్ సాగేకొద్దీ ఈ నునుపు పోతుంది. ఎండ మంచు మీద అరచేతి లోతు గుంటలు తవ్వుతుంది. గుంటలో పడిన వెలుగు అటూ ఇటూ గోడలకు తగిలి మళ్ళీ మళ్ళీ పీల్చుకోబడటంతో గుంట ఇంకా లోతవుతుంది, మధ్య గట్లు మిగులుతాయి. వాలంతా ప్రమిదలు పేర్చినట్టు కనిపిస్తుంది. చూడ్డానికి బాగుంటుంది, స్కీకి నరకం. కొన్నిచోట్ల మంచు పుచ్చకాయ ముక్కలా ఎర్రబడుతుంది. అది మంచులో బతికే సూక్ష్మ శైవలం. ఆకుపచ్చ జాతిదే అయినా, తీవ్రమైన ఎండ నుంచి కాపాడుకోవడానికి ఎర్ర రంగు నింపుకుంటుంది. దశాబ్దాల పాటు వేరే పేరుతో పిలిచిన ఈ జీవికి 2019లో శాంగ్వినా నివలాయిడ్స్ అని కొత్త పేరు పెట్టారు. ఎర్రబడిన చోట మంచు ఇంకాస్త ఎండ పీల్చి, ఇంకాస్త త్వరగా కరుగుతుంది.

ఎవరెస్టు మీద కూడా అందరూ మే నెల కోసమే కాచుకుంటారు. ఖమ్మం జిల్లా కుర్రాడు ఆనంద్ కుమార్, నిజామాబాద్ జిల్లా నుంచి వచ్చిన పదమూడేళ్ళ మాలావత్ పూర్ణ అక్కడ నిలబడింది 2014 మే 25న. నెల ఒకటే అయినా కారణం వేరు. ఎనిమిది వేల మీటర్ల పైన మంచు మెత్తబడుతుందన్న బెంగ ఉండదు. ఋతుపవనాలు రాబోయే ముందు జెట్ స్ట్రీమ్ గాలి ఉత్తరానికి జరిగి శిఖరానికి కొద్దిరోజులు తెరిపి ఇస్తుంది, దానికోసమే ఆ ఎదురుచూపు. నేపాల్ వైపు నుంచి వెళ్ళేవాళ్ళు మాత్రం కింద ఖుంబు హిమానీపాతాన్ని సూర్యుడు రాకముందే దాటాలని చీకట్లో నడుస్తారు. అక్కడ మళ్ళీ షాస్టా గడియారమే పనిచేస్తుంది.

కరిగిన నీరు షాస్టా మీద చాలావరకు ఏరులై పారదు. అగ్నిపర్వతపు రాయి జల్లెడలా తాగేస్తుంది. లోపల ఎన్నో ఏళ్ళు ప్రయాణించి, మౌంట్ షాస్టా పట్టణపు పార్కులో రాళ్ళ కింద నుంచి చల్లటి ఊటగా బయటికి వస్తుంది. శాక్రమెంటో నదికి మొదళ్ళలో ఒకటిగా దాన్ని చూపిస్తారు. కొండ దిగి వచ్చినవాళ్ళు ఖాళీ సీసాలు పట్టుకుని అక్కడే బారులు తీరతారు.

హెలెన్ లేక్ దగ్గర మాత్రం సాయంత్రానికి మళ్ళీ డేరాలు నిండుతాయి. చుట్టూ మంచు జావజావగా ఉంటుంది, నడిచిన ప్రతి అడుగూ గుంట. చీకటి పడ్డాక పడమర నుంచి పలుచటి మబ్బు పాకుతూ వచ్చి చుక్కల్ని ఒక్కొక్కటే ఆర్పేస్తుంది. డేరాలోంచి తల బయటపెట్టి చూసినవాడు రెండు గంటలకు పెట్టిన అలారం తీసేయడు గాని, తన్ని చూడటానికి బూట్లు మాత్రం తలుపు దగ్గరే పెట్టుకుని పడుకుంటాడు.